ఫిర్యాదు టికెట్ మూసేశారు సరే, జవాబు ఎవరిస్తారు?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఆగిపోయిన సైకిల్ జీపీఎస్, దానికన్నా ముందే ఆగిపోయిన మీ కస్టమర్ కేర్.

అయ్యా,

దారి చూపించే మీ జీపీఎస్, నా సైకిల్ టూర్ మధ్యలో, వానలో, స్క్రీన్ నల్లబడి ఆగిపోయింది. యంత్రమన్నాక పాడవుతుంది, దానికి నేను పెద్దగా బాధపడలేదు. బ్యాగులో కాగితం మ్యాపు ఉంది. యాభై వేల స్కేలు మ్యాపులో రెండు సెంటీమీటర్లంటే ఒక కిలోమీటరు. వేలితో కొలుచుకుంటూ, అనుమానం వచ్చిన కూడలిలో మనుషుల్ని అడుగుతూ టూర్ పూర్తి చేశాను. నేను దారి తప్పింది ఇంటికొచ్చి మీకు ఫోన్ చేశాకే.

ముందు మీ చాట్‌బాట్. ‘మీ సమస్య పరిష్కారమైందా?’ అంటుంది. ‘లేదు’ నొక్కితే, ‘నమస్కారం, మీకు ఎలా సహాయపడగలను?’ అని మళ్ళీ మొదలుపెడుతుంది. ఎలాగో ఒక మనిషి దొరికాడు. ‘మేడమ్, డివైస్ ఆన్ చేసి సెట్టింగ్స్‌లో సీరియల్ నంబర్ చూసి చెప్పండి’ అన్నాడు. ఆన్ అవ్వట్లేదనే కదా బాబూ ఫోన్ చేసింది అన్నాను. ‘అర్థమైంది మేడమ్, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఇప్పుడు సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి’ అన్నాడు. చివరికి వెనకవైపు చీమ తలంత అక్షరాల్లో ఉన్న నంబర్‌ని భూతద్దం పెట్టి చదివాను. అందులో ఉన్నది సున్నానా, ‘ఓ’ అక్షరమా అని చర్చ జరుగుతుండగానే లైన్ కట్.

తర్వాతి అమ్మాయి మొత్తం కథ మొదటి నుంచి చెప్పించుకుని, నల్లబడ్డ స్క్రీన్‌ని వీడియో తీసి పంపమంది. పంపాను. ‘స్క్రీన్ స్పష్టంగా కనిపించడం లేదు, వెలుతురున్న చోట తీయగలరు’ అని మెయిల్ వచ్చింది. ఎండలో పెట్టి మళ్ళీ తీశాను. మీ పుణ్యాన అక్కడా నల్లగానే ఉంది. ఇంకొకాయన టెక్నికల్ టీమ్‌కి ఎస్కలేట్ చేశానన్నాడు. ఆ టీమ్‌ని ఆయనైనా ఎప్పుడైనా చూశాడో లేదో! మరొకాయన, ‘అంత దూరం సైకిలెందుకు మేడమ్, కారు లేదా?’ అని జాలిపడ్డాడు. సైకిల్ పరికరాలు అమ్మే కంపెనీలో కూర్చుని! ఆఖరికి, ‘మీ నుంచి స్పందన రానందున టికెట్ మూసివేయడమైనది’ అని మెయిల్. దాని కిందే, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని ప్రశ్న.

నేను మీకు కొత్త కాదు. నా పాత సైకిల్‌కున్న, దూరం కొలిచే వైరు మీటరు కూడా మీ కంపెనీదే. స్పోకుకి చిన్న అయస్కాంతం, చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకి సెన్సార్, లోపల బిళ్ళ బ్యాటరీ. చక్రం చుట్టుకొలత ఒకసారి ఎక్కిస్తే చాలు, తిరిగిన ప్రతి చుట్టూ లెక్కపెడుతుంది. దానికి లాగిన్ లేదు, అప్‌డేట్ లేదు, స్టార్లు అడగదు. ఇప్పటికీ పనిచేస్తోంది. దాన్ని చూసే మీ పేరు నమ్మి జీపీఎస్ కొన్నాను, తోటి రైడర్ల చేత కూడా కొనిపించాను. ఇప్పుడు వాళ్ళ ముందు తలవంపులు నాకు.

థామస్ స్టీవెన్స్ 1884లో పెద్ద చక్రం సైకిల్ మీద శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం నుంచి బయలుదేరి, 1886 చివరికి జపాన్‌లోని యోకోహామాలో ప్రపంచయాత్ర ముగించాడు. సాక్సులు, ఇంకో చొక్కా, గుడారంగానూ పనికొచ్చే రెయిన్‌కోటు లాంటి కొద్దిపాటి సామానుతో. మీ కస్టమర్ కేర్ నంబర్ దగ్గర లేకపోబట్టే అంత త్వరగా వెళ్ళగలిగాడని నా అనుమానం.

కొత్తది ఇస్తారో, డబ్బు వెనక్కిస్తారో మీ మర్యాదకే వదిలేస్తున్నాను. అందులో ఇరుక్కున్న నా టూర్ రికార్డులు మాత్రం బయటికి తీసి ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు, సైకిల్ తొక్కడం వచ్చిన మనిషి ఎవరైనా ఫోన్ చేసి, ‘మీ మాట వినలేదు, తప్పు మాదే’ అనాలి. లేదంటే వినియోగదారుల కోర్టులో కలుద్దాం. బిల్లు, మీ మెయిళ్ళు అన్నీ ప్రింటు తీసి ఫైలు కట్టాను. మీ డైరెక్టర్లకి విడివిడిగా రిజిస్టర్డ్ పోస్టులో కాపీలు పంపుతున్నాను. వాళ్ళలో ఎవరైనా చాట్‌బాట్‌తో జవాబు రాయిస్తే, అదీ ఆ ఫైలులోనే చేరుతుంది.

ఇట్లు,
ఇంకా మీ కస్టమర్‌నే అనుకుంటున్న ఒక సైకిల్ యాత్రికురాలు