జాగిలాల దళం అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఇకపై జర్మన్ షెపర్డ్‌లను మానేసి అన్నీ బెల్జియన్ మాలినోయ్ జాతి కుక్కలనే తీసుకోవాలన్న ఆలోచనను దయచేసి మరోసారి పరిశీలించండి.

మాలినోయ్ సత్తాను నేను కాదనను. ఎత్తులో రెండూ ఇంచుమించు సమానమే. కానీ మగ జర్మన్ షెపర్డ్ 30 నుంచి 40 కిలోలు తూగితే, మగ మాలినోయ్ 25 నుంచి 30 కిలోలే. గోడ దాటించాలన్నా, హెలికాప్టర్‌లోంచి దించాలన్నా ఆ తేడా చాలా కలిసొస్తుంది. 2011లో బిన్ లాడెన్ స్థావరంపై దాడికి అమెరికా కమాండోలు వెంట తీసుకెళ్లిన కైరో అనే కుక్క మాలినోయ్ జాతిదే.

అయితే ఆ చురుకుకు రోజూ పని కావాలి. పని లేకుండా బోనులో ఉంచితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, తన తోక తానే కొరుక్కుంటుంది. కొత్త హ్యాండ్లర్ (కుక్కతో కలిసి పనిచేసే సిబ్బంది) చేతికి అలాంటి కుక్కను అప్పగిస్తే ఇద్దరికీ టెన్షనే. జర్మన్ షెపర్డ్ సాధారణంగా కాస్త నిదానం. జనం మధ్య గస్తీకి, జాడ తీయడానికి ఆ నిదానమే అక్కరకొస్తుంది.

దానికి తుంటి కీళ్ల జబ్బు ఎక్కువన్న మాట నిజమే. అందుకే ప్రదర్శనల కోసం వీపు వాలుగా పెంచిన వంశాలను వదిలేసి, పని కోసం పెంచిన వంశాల్లోంచి, తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు చూసి మరీ ఎంచుకోండి.

టెండర్‌లో జాతి పేరు రాసే ముందు మీ హ్యాండ్లర్లను పిలిచి అడగండి. ఆ కుక్కలతో ఏళ్ల తరబడి పనిచేయాల్సింది వాళ్లే.

ఇట్లు,
జాగిలాల మేలు కోరే ఒక పౌరుడు