గుర్రప్పిల్లకు చందా పుట్టకముందే పోగవ్వాలి

సంపాదకుల వారికి,

కొండ మీది గూడెంలో గుర్రప్పిల్ల జబ్బుపడిందనీ, వైద్యానికి తలో కొంత పంపమనీ కోరే సందేశాలు మన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అప్పుడప్పుడు ఫోన్లలో తిరుగుతుంటాయి. రోడ్డు పడని ఊళ్లలో సంతకు సరుకు దింపాలన్నా, బియ్యం బస్తా పైకి చేర్చాలన్నా నేటికీ గుర్రమే దిక్కు కాబట్టి, అడిగేవారి అవసరాన్ని గానీ ఇచ్చేవారి మంచి మనసును గానీ నేను శంకించడం లేదు. కానీ పశుసంవర్ధక శాఖలో పనిచేసి విరమించిన వాడిగా ఒక మాట చెప్పాలనిపిస్తోంది: ఈ చందాలు దాదాపు ఎప్పుడూ ఆలస్యంగానే మొదలవుతున్నాయి.

తల్లి కడుపులో ఉండగా రోగాన్ని ఎదుర్కొనే శక్తి గుర్రప్పిల్లకు మాయ (కడుపులో పిల్లను తల్లితో కలిపే పొర) ద్వారా అందదు. పుట్టిన తరువాత తాగే ముర్రుపాలతోనే అది రావాలి. ఆ పాలలోని రక్షక పదార్థాలను పేగులు మొదటి కొద్ది గంటల్లోనే బాగా పీల్చుకుంటాయి. ఒక పగలూ ఒక రాత్రీ గడిచేసరికి ఆ దారి మూసుకుపోతుంది, ఆ తరువాత ఎన్ని ముర్రుపాలు పట్టినా అవి ఆకలి తీర్చగలవే తప్ప ఆ రక్షణను ఇవ్వలేవు. అందుకే పిల్ల గంటలోపు లేచి నిలబడాలి, రెండు గంటల్లోపు పాలు తాగాలి, మూడు గంటల్లోపు తల్లికి మాయ పడిపోవాలి అని మా వృత్తిలో ఒక లెక్క ఉంది. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ పూటే పశువైద్యుడికి కబురు వెళ్లాలి.

నేను చూసిన ఒక ఉదంతంలో కబురు మూడో రోజున వెళ్లింది. పిల్ల తల్లి పొదుగు దగ్గరే తచ్చాడుతోంది గనుక తాగుతోందనే ఇంట్లోవాళ్లు అనుకున్నారు. నిజానికి దాని నుదుటి మీద పాలు కారి ఎండి చారలు కట్టాయి, తల్లి పొదుగు గట్టిపడి చుక్కలు చుక్కలుగా కారుతోంది. పిల్ల పొదుగు వరకు వెళ్తోంది కానీ చన్ను పట్టడం లేదనడానికి ఇంతకంటే గుర్తు అక్కర్లేదు. వెనక కాలి కీలు వాచి, పిల్ల నేల మీద నుంచి లేవలేకపోయాక ఫొటో తీసి చందా అడిగారు. డబ్బు బాగానే వచ్చింది. అప్పటికే రోగక్రిముల విషం రక్తమంతా పాకింది, పిల్ల దక్కలేదు. మిగిలిన డబ్బును యజమాని తల్లి గుర్రం దాణాకు వాడుకుంటే, మోసం చేశాడని ఊళ్లో కొందరు నిందలు వేశారు. నా దృష్టిలో అతడిది మోసం కాదు. మిగిలితే ఏం చేయాలో ముందుగా ఎవరూ అనుకోకపోవడమే తప్పు.

ఖర్చు దేనికవుతుందో కూడా ఇచ్చేవారికి తెలియాలి. పిల్ల రక్తపరీక్షలో ఐజీజీ అనే పదార్థం (ముర్రుపాల నుంచి వచ్చే ఆ రక్షక పదార్థమే) డెసిలీటరుకు 800 మిల్లీగ్రాములు దాటితే నిశ్చింత. 400 కంటే తక్కువైతే పిల్లకు తల్లి నుంచి రక్షణ అందనట్టే లెక్క. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న మరో గుర్రం రక్తం నుంచి వేరుచేసిన ప్లాస్మాను, లీటరుకు తగ్గకుండా, నరం ద్వారా ఎక్కించాలి. దానితోపాటు యాంటీబయాటిక్ సూదిమందులు, గ్లూకోజు, ఒంటికి వెచ్చదనం, చన్ను పట్టలేని పిల్లకు ముక్కు గొట్టం ద్వారా గంటకో రెండు గంటలకో పాలు కావాలి. మందుల బిల్లు ఒక వంతైతే, పిల్లను కొండ దింపే బండి కిరాయి, రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే మనుషుల కూలి మరో వంతు. ఈ రెండోది చందా సందేశాల్లో ఎక్కడా కనబడదు.

గుర్రం సుమారు పదకొండు నెలలు మోస్తుంది. ఎవరి గుర్రం ఎప్పుడు ఈనుతుందో ఊరందరికీ ముందే తెలిసినప్పుడు, సంత జరిగిన ప్రతిసారీ గుర్రాలవాళ్లు తలో కొంత మహిళా సంఘం ఖాతాలో వేసుకోవడం కష్టమేమీ కాదు. ఈనడానికి నెల ముందు తల్లికి ధనుర్వాతం టీకా, పుట్టగానే పిల్ల బొడ్డుకు పూసే మందు ఆ నిధిలోంచే కొనవచ్చు. అవసరం పడితే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేసేందుకు సిగ్నలు అందే చోటికి మనిషిని పరుగెత్తించడానికీ అదే అక్కరకొస్తుంది. అది చాలనప్పుడు మాత్రమే బయటివారిని అడగాలి. అడిగేటప్పుడు డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో, మిగిలితే ఎక్కడికి పోతుందో రాయాలి. పిల్ల బతికే ఆశ ఎంతుందో వైద్యుడి మాటగా చెప్పాలి. ఆశ లేదని ఆయన అంటే, బాధ లేకుండా ప్రాణం పోయేలా చూడటానికి అయ్యే ఖర్చును అడగడం కూడా సిగ్గుపడాల్సిన విషయం కాదు.

పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పొట్టి గుర్రాలు 2012లో 6.25 లక్షలుంటే 2019 నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. అవి తగ్గేకొద్దీ వాటి వైద్యంలో చేయి తిరిగినవారూ అరుదవుతున్నారు. విజయనగరం జిల్లా గరివిడి పశువైద్య కళాశాలలో గుర్రాల ప్లాస్మాను, ముర్రుపాలను అతిచల్లని పెట్టెల్లో మంచులా గడ్డకట్టించి నిల్వ ఉంచే ఏర్పాటు చేయాలని పశుసంవర్ధక శాఖను కోరుతున్నాను. మీ జిల్లా పేజీలో ఇటువంటి విన్నపం వేసేటప్పుడు పశువైద్యుడి చీటీ, ఖాతా ఎవరి పేరున ఉందో తెలిపే వివరం అడిగి తీసుకోవలసిందిగా మనవి.

ఇట్లు,
విశ్రాంత పశుసంవర్ధక శాఖ ఉద్యోగి,
పాడేరు