పేరులో మిగిలిపోయిన ఫుట్‌బాల్

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

మన బ్లాక్‌హీత్ క్లబ్ ఆడేది రగ్బీ అయినప్పుడు పేరులో ‘ఫుట్‌బాల్ క్లబ్’ అని ఎందుకు ఉందని నువ్వు ఫోనులో అడిగావు. నువ్వు విశ్వవిద్యాలయ జట్టులో చేరిన వేళ దీన్ని తొందరలో చెప్పి వదిలేయడం ఇష్టంలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

లండన్ శివారులోని ఒక పాఠశాల పూర్వ విద్యార్థులు 1858లో ఈ క్లబ్బును స్థాపించేనాటికి ఫుట్‌బాల్, రగ్బీ అనేవి వేర్వేరు ఆటలు కావు; ఒక్కో బడి తనకు తోచిన నియమాలతో ఆడుకునేది. 1863 అక్టోబరులో అందరికీ ఒకే నియమావళి ఉండాలని లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్ అనే విడిదిలో ఫుట్‌బాల్ అసోసియేషన్‌ను ఏర్పరచిన క్లబ్బులలో బ్లాక్‌హీత్ కూడా ఉంది, కోశాధికారి ఎఫ్.ఎం. క్యాంప్‌బెల్ మన క్లబ్బువాడే. అయితే బంతిని చేతపట్టి పరుగెత్తడాన్నీ, అలా పరుగెత్తేవాణ్ణి కాలి ఎముక మీద తన్ని ఆపే ‘హ్యాకింగ్’నూ తొలగించాలని మిగిలినవారు నిశ్చయించినప్పుడు, హ్యాకింగ్ పోతే ఆటలో ధైర్యానికి చోటుండదని వాదించిన క్యాంప్‌బెల్, డిసెంబరులో క్లబ్బుతో సహా బయటికి వచ్చేశాడు.

మొన్న నీ కాలిపై కమిలిన మచ్చ ఫొటో చూసి మీ అమ్మ ఆ రాత్రంతా నిద్రపోలేదు. అది పొరపాటున తగిలిన దెబ్బ. ఆ రోజులలో కావాలని తన్నడమే పద్ధతి. అందుకే క్యాంప్‌బెల్ వాదన నాకు ఏనాడూ రుచించలేదు. నాకు ఈ క్లబ్బు మీద గౌరవం కలిగించినది ఆ తర్వాత జరిగినదే: ఏ హ్యాకింగ్ కోసం సంఘాన్నే విడిచివచ్చిందో, 1866లో రిచ్‌మండ్ క్లబ్బుతో కలిసి బ్లాక్‌హీత్ దానినే నిషేధించింది. చేతపట్టి పరుగెత్తే హక్కును మాత్రం వదులుకోలేదు.

ఈ రెండు క్లబ్బుల కార్యదర్శులే 1870 డిసెంబరులో పత్రికకు ఉత్తరం రాసి, రగ్బీ పద్ధతిలో ఆడేవారంతా ఒక్కచోట చేరాలని కోరారు. 1871 జనవరి 26న 21 క్లబ్బులు కలిసి రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌ను స్థాపించాయి. మార్చిలో ఎడిన్‌బరోలో స్కాట్లాండుతో జరిగిన తొలి అంతర్జాతీయ పోటీలో ఇంగ్లండ్ నాయకుడు బ్లాక్‌హీత్ ఆటగాడు ఫ్రెడరిక్ స్టోక్స్.

1883 నుంచి ఆడిన రెక్టరీ ఫీల్డ్‌ను విడిచి క్లబ్బు 2016లో వెల్ హాల్‌కు మారింది; పేరు మాత్రం మార్చుకోలేదు. సెలవులకు వచ్చినప్పుడు ఆ పాత మైదానం మీదుగా నడుచుకుంటూ వెల్ హాల్‌కు వెళ్లి ఒక ఆట చూద్దాం. మీ అమ్మను కూడా ఒప్పిస్తాను.

ఇట్లు,
నాన్న