మా గోడ మీద నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో రాసివ్వండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

విపత్తుల నిర్వహణ చూస్తున్న రాష్ట్ర మంత్రి గారికి,

నమస్కారం.

అయ్యా, మాది విజయవాడ పాయకాపురం. ఇంట్లోనే రెండు మిషన్లు పెట్టుకుని బట్టలు కుట్టి బతికే మనిషిని. ఈ ఒక్క సంగతి మీద ఇప్పటికి నాలుగు అర్జీలు పెట్టాను. మొదటిదానికి జవాబే లేదు. రెండోదానికి ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మూడోదానికి ‘పరిష్కరించడమైనది’ అని వచ్చింది. ఎవరూ మా ఇంటికి రాలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు, ఏం పరిష్కరించారో ఈ రోజుకీ నాకు తెలియదు. నాలుగోదాని రసీదు నా దగ్గరే ఉంది. సోమవారం సోమవారం పని మానుకుని, ఆటోకి డబ్బులు పెట్టుకుని, టోకెన్ తీసుకుని కూర్చుని కూర్చుని ఇక ఓపిక లేక ఇలా నలుగురూ చదివేలా రాస్తున్నాను. మర్యాద తప్పి రాస్తే మన్నించండి.

నేను డబ్బు అడగడం లేదు. పరిహారం అందింది. కింది ఇంటివాళ్లమని మాకు 25,000 పడ్డాయి, మేడ మీద అద్దెకున్న వాళ్లకు 10,000 పడ్డాయి. ఆ రోజుల్లో పడవల మీద పాలు, అన్నం పొట్లాలు పంపారు. నీళ్లు తీశాక ఫైరింజన్లు పెట్టి బురద కడిగించారు. అవి మరిచిపోయేవి కావు. నేను అడుగుతున్నది ఒక్క కాగితం. 2024 సెప్టెంబర్‌లో మా ఇంటి దగ్గర నీళ్లు ఎంత ఎత్తున నిలబడ్డాయో, ఎన్ని రోజులు ఉన్నాయో రాసి ముద్ర వేసిన కాగితం. మా ఇంటికే కాదు, బుడమేరు వాగు పొంగి నీళ్లు వచ్చిన ప్రతి ఇంటికీ.

ఎందుకంత పట్టుదల అని మీకు అనిపించవచ్చు. చెబుతాను.

ఆగస్టు 31 శనివారం. శ్రావణమాసం చివరి రోజులు. వాన పొద్దున్నుంచీ తెరిపి ఇవ్వలేదు. ఫాల్స్ కుట్టడానికీ పీకో వేయడానికీ ఇచ్చిన పట్టుచీరలు పదిహేను దాకా నా దగ్గర ఉన్నాయి. ఆదివారం తెల్లవారుజామున మంచం దిగితే పాదం నీళ్లలో పడింది. వాన నీళ్లేనేమో, డ్రైనేజీ పొంగిందేమో అనుకున్నాం. చీరల మూట పరుపు మీద పెట్టాను. అరగంటలో పరుపు తేలింది. మూట తీసి బీరువా మీద పెట్టి, పిల్లని తీసుకుని మేడ ఎక్కాం. మిషన్లు ఎత్తడానికి మా ఆయన మళ్లీ దిగబోతే మెట్ల మీదే నడుముదాకా వచ్చేశాయి, నేనే చొక్కా పట్టుకుని ఆపాను. మధ్యాహ్నానికి బీరువా కూడా పక్కకి ఒరిగింది. ఆ చీరల యజమానులు ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఒక పెద్దావిడది ఆవిడ పెళ్లిచీర, మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి కట్టించాలని ఫాల్ మార్చమని ఇచ్చింది. ఆ రంగులన్నీ కలిసిపోయిన చీర ఆవిడ చేతిలో పెట్టినప్పుడు ఆవిడ దాన్ని మడత పెట్టుకుని మాట్లాడకుండా వెళ్లిపోయింది.

నీళ్లు తీశాక ఇంట్లోకి వస్తే గోడ మీద బురద గీత ఉంది, స్కేలు పెట్టి గీసినంత సూటిగా, నాలుగు గోడలకీ ఒకే ఎత్తున. నా కుట్టు టేపు తీసి కొలిచాను. టేపు 60 అంగుళాలే కదండీ. టేపు అయిపోయింది, గీత ఇంకా నాలుగు వేళ్లు పైన ఉంది. నష్టం రాసుకోవడానికి వచ్చిన అబ్బాయికి అదే చూపించాను. ఫోన్‌లో కింది ఇల్లా, పై ఇల్లా అని ఒకటి నొక్కాడు, ఫ్రిజ్, టీవీ, బండి అని అడిగాడు, ఫొటో తీసుకున్నాడు. నీళ్లెంత ఎత్తు వచ్చాయో రాసుకోవా బాబూ అంటే, ‘ఆ గడి ఇందులో లేదమ్మా, దానికి వేరే వాళ్లు వచ్చి వీధి వీధికీ కొలుచుకుంటారు’ అన్నాడు. ఆ మాట నమ్మి, ఇల్లంతా సున్నం వేయించినా ఆ ఒక్క గోడ వేయించకుండా ఉంచాను. ఆ వేరే వాళ్లు ఇప్పటికీ రాలేదు.

ఈ కాగితం లేక ఏమవుతుందో మా వెనక వీధి మాస్టారి విషయంలో చూశాను. మా వీధుల్లో ఇంటికి బీమా ఉన్న మనిషి నాకు తెలిసి ఆయన ఒక్కరే. నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్ వచ్చేసరికి పదకొండు రోజులైంది. అప్పటికే కంపు భరించలేక తడిసిన పరుపులు, ఉబ్బిపోయిన తలుపులు, సోఫా అన్నీ రోడ్డు మీద వేస్తే చెత్త ట్రాక్టర్లు ఎత్తుకుపోయాయి. గోడలు ఫైరింజన్ నీళ్లతో కడిగేశారు. శుభ్రం చేయకపోతే రోగాలొచ్చేవి, చేయడమే మంచి పని. కానీ దాంతో రుజువూ పోయింది. వస్తువులు ఏవి, నీళ్లు ఇంత ఎత్తు వచ్చాయనడానికి ఆధారం ఏది అని కంపెనీ అడిగింది. మాస్టారు వార్తాపత్రికలో వచ్చిన ఫొటో చూపించారు. అది మా వీధి కాదన్నారు. చివరికి సగం కూడా రాలేదు. ఏళ్ల తరబడి ప్రీమియం కట్టిన మనిషికి ఇదైతే, ఇక కట్టమని మేము పక్కవాళ్లకు ఏ నోటితో చెప్పగలం? ఇన్ని అడుగుల నీళ్లు ఇన్ని రోజులు అని సర్కారు రాసిన ఒక్క ముక్క ఉంటే ఆయన కంపెనీ చుట్టూ కాళ్లరిగేలా తిరిగేవారు కాదు.

మా సంగతి ఇంకా అన్యాయం. ఇల్లు కొన్నప్పుడు బ్యాంకు లోను ఇస్తూ ఇన్సూరెన్స్ అని కొంత సొమ్ము పట్టుకుంది. ఇంటికే బీమా ఉందని పదమూడేళ్లు నిశ్చింతగా పడుకున్నాం. నీళ్లు పోయాక కాగితాలు ఆరబెట్టి, చదువుకున్న మేనల్లుడి చేత చదివిస్తే తేలింది, ఆ బీమా ఇంటి మీద కాదు, మా ఆయన ప్రాణం మీద. ఆయనకేమైనా అయితే లోను తీరుతుంది. ఇల్లు మునిగితే పైసా రాదు. కాగితం అంతా ఇంగ్లీషు. సంతకం పెట్టిన చోట మాత్రం పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టి ఉంది.

అప్పటినుంచి ఈ బీమా సంగతులు నేనే అడిగి అడిగి తెలుసుకున్నాను. మన దగ్గర వరదకని విడిగా ఇంటి బీమా ఉండదట. ఇంటి అగ్నిప్రమాద బీమాలోనే వరద, తుఫాను కలిసి ఉంటాయట. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ ‘భారత్ గృహ రక్ష’ అని ఒకే రకం పాలసీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. అందులో ఇంటికి రాసిన మొత్తంలో 20 శాతం, 10 లక్షలకు మించకుండా, సామానుకి దానంతటదే వర్తిస్తుంది. విలువ తక్కువ చూపించావు కాబట్టి నష్టంలో కోత వేస్తామనే పాత పేచీ ఇందులో లేదు. ఇంటి విలువంటే స్థలంతో కలిపి బజారులో పలికే రేటు కాదు, అంత ఇల్లు మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు. ఇది తెలియక మావాళ్లు చాలామంది నలభై లక్షల ఇంటికి ప్రీమియం ఎంతవుతుందో అని భయపడి ఆగిపోతున్నారు. నా రెండు గదుల ఇంటికి ఏజెంటు చెప్పిన లెక్క ఏడాదికి రెండు గ్యాస్ బండల ధర దాటలేదు. అలాగే నా మిషన్లు, కస్టమర్ల చీరలు ఇంటి సామాను కింద రావు, అది వ్యాపారం లెక్క. దానికి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అని వేరే పాలసీ ఉంది. ఇంట్లోనే కుట్టుకునే నాలాంటి ఆడవాళ్లు మా వైపు వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లలో ఒక్కరికి కూడా ఈ పేరు తెలియదు. ఇన్ని పథకాలకు ఇంటింటికీ కరపత్రం పంచే ప్రభుత్వం దీనికి ఒక్క తెలుగు కరపత్రం వేయలేదా అయ్యా?

బీమా తీసుకోవాలో వద్దో తేల్చుకోవాలన్నా ముందు మా ఇంటికి ఎంత ముప్పు ఉందో తెలియాలి కదా. అది చెప్పేవాళ్లు లేరు. 2011లో ఈ ఇల్లు కొన్నప్పుడు అమ్మినాయన ‘ఇక్కడికి నీళ్లు రావమ్మా’ అన్నాడు. 2005 సెప్టెంబర్‌లో బుడమేరు సింగ్‌నగర్ వైపు ఎలా ముంచిందో మేమెరగం, మేం అప్పటికి ఈ ఊరు రాలేదు. ఈసీ తీయించాం, లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపించాం, పన్ను రసీదులు చూశాం. తాకట్టు ఉందా లేదా అన్నీ తెలిశాయి. ఆ గోడలు ఒకసారి మునిగి లేచాయన్న సంగతి ఏ కాగితంలోనూ లేదు. అది తెలిసి ఉంటే కొనేవాళ్లమేమో, స్తోమత అంతే కాబట్టి. కానీ పునాది రెండడుగులు ఎత్తించేవాళ్లం. మిషన్లు మేడ మీద పెట్టుకునేవాళ్లం. బీమా కాగితం చదివించుకునేవాళ్లం.

కృష్ణానది సంగతి వేరు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది అని టీవీల్లో వినీ వినీ మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా వచ్చు. ఆ సెప్టెంబర్‌లో ఏకంగా 11.43 లక్షలు వచ్చింది, అయినా కృష్ణలంక వాళ్లను రిటైనింగ్ వాల్ కాపాడింది. సంతోషం. మరి బుడమేరుకి ఏ అంకె? మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఆ వాగుకి ఎగువన వెలగలేరు దగ్గర ఎంత వస్తే పాయకాపురంలో సామాను సర్దుకోవాలో మాకు ఎవరైనా చెప్పారా? అక్కడ నీటిని డైవర్షన్ కాలువలోకి మళ్లించి కృష్ణలో కలుపుతారని, కృష్ణ నిండుగా ఉంటే ఆ నీళ్లు దిగవని, ఆ కాలువకి గండ్లు పడితే వచ్చేది మా మీదికేనని మాకు తెలిసింది మునిగాక, టీవీలో చూసి. గండ్లు పూడ్చారు, ఆపరేషన్ బుడమేరు అన్నారు. ఆ పనులు జరగాలి, త్వరగా జరగాలి. కానీ కాలువ వెడల్పు చేసేదాకా వాన ఆగదు కదా. ప్రతి ఏడూ భాద్రపదం వస్తుంది. ఆకాశం నల్లబడితే మా అమ్మాయి ఇప్పటికీ అర్ధరాత్రి లేచి లైటు వేసి నేల తడిమి చూస్తుంది.

మీ కాళ్లకు దండం పెట్టి అడుగుతున్నాను. మునిగిన ప్రతి వీధిలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో కొలిపించండి. కరెంటు స్తంభం మీద ఎర్ర గీత గీసి, 2024 అని రాయించండి. 2005ది కూడా గుర్తున్న ముసలివాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లను అడిగి అదీ రాయించండి. ఏ వీధి ఎంత లోతట్టో తెలుగులో మ్యాపు వేసి వార్డు సచివాలయం గోడకు అంటించండి. ఇంటి ప్లాను ఇచ్చేటప్పుడు, రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు ఆ ఎత్తు కాగితం మీద ఉండాలి. అమ్మేవాడు దాచిపెట్టడానికి వీల్లేకుండా ఉండాలి. ఇళ్ల రేట్లు పడిపోతాయని కొందరు గొడవ చేస్తారు, నాకు తెలుసు. మా ఇంటి రేటు కూడా పడుతుంది. పడనివ్వండి. నాకు చెప్పకుండా అమ్మినట్టు నేను ఇంకొకరికి అమ్మలేను.

ఇదేమంత పెద్ద ఖర్చు కాదయ్యా. ఒక టేపు, ఒక రంగు డబ్బా, ఇద్దరు మనుషులు. కాకపోతే ఆలస్యమయ్యే కొద్దీ గీతలు పోతున్నాయి. మా వీధిలో ఇప్పటికే చాలా ఇళ్లకి రంగులు వేసేశారు. పండగలు, శుభకార్యాలు ఉంటాయి, ఎంతకాలమని అలా ఉంచుకుంటారు?

మా అమ్మాయికి సంబంధం కుదిరింది. పెళ్లివారు ఇంటికి రావాలి. ఆ గోడ ఇంకా అలా ఎందుకు ఉంచావని మా ఆయన రోజూ గొడవ. రంగులబ్బాయికి బయానా ఇచ్చేశారు. వచ్చే నెల మొదటి వారంలో వస్తానన్నాడు. అంతకు ముందే ఒక మనిషిని పంపించండి. కుట్టు టేపు చాలదు, కాస్త పొడుగుదే తెమ్మనండి.

ఇట్లు,
పాయకాపురం నుంచి ఒక ఇంటి ఇల్లాలు