ముందు తారీఖు చూడు

బల్లార్షా,
ఏప్రిల్ నెలాఖరు.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మే నెలలో నాలుగు రోజులు ఉండేలా వస్తున్నానన్న కబురు చదివి ఇంటిల్లిపాదీ సంతోషించాము. మా ఊళ్ళో మామూలు దుకాణాల్లో తాగదగిన బీరు దొరుకుతుందా, లేక ఆల్కహాలు ఎక్కువుండే స్ట్రాంగ్ బీరు తప్ప వేరే ఉండదా అని అడిగావు. దొరుకుతుంది. కానీ ఏ పేరు కొనాలో చెప్పే ముందు ఎలా కొనాలో చెప్పనివ్వు, ఎందుకంటే ఈ ఎండల్లో రెండోదే ముఖ్యమని నేను నష్టపోయి తెలుసుకున్నాను.

మా చంద్రపూర్ జిల్లాలో 2015 నుంచి 2021 వరకు మద్యనిషేధం ఉన్న సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. అది ఎత్తేశాక వచ్చిన మొదటి వేసవిలో, రోడ్డు పక్కనున్న ఒక దుకాణంలో, పడమటి ఎండ నేరుగా పడే అద్దాల బీరువాలో మెరుస్తున్న ఆకుపచ్చ సీసాను ముచ్చటపడి కొన్నాను. ఇంటికి తెచ్చి మూత తీయగానే కాలిన రబ్బరులాంటి వాసన ముక్కుకు కొట్టింది. తప్పు బీరుది కాదు, వెలుతురుది. బీరుకు చేదునిచ్చే హాప్స్ అనే పూల సారం మీద వెలుతురు పడితే అది విరిగి ఆ దుర్వాసన పుడుతుంది. గోధుమరంగు సీసా ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది అంతగా ఆపలేదు, డబ్బాలోకి అసలు వెలుతురే పోదు. అందుకే హైనెకెన్, కార్ల్స్‌బర్గ్, ట్యూబోర్గ్ వంటి ఆకుపచ్చ సీసాల బీర్లను నేను డబ్బాల్లోనే తీసుకుంటాను, లేదా అట్టపెట్టె నా ఎదుట విప్పి ఇమ్మంటాను.

మీ మంచిర్యాలలో వైన్స్ అనే బోర్డు ఎలాగో, ఇక్కడ బీర్ షాపీ అనే బోర్డు అలాగ. అందులో బీరూ వైనూ తప్ప విస్కీ, బ్రాందీ ఉండవు కనుక ఫ్రిజ్‌లో చోటంతా బీరుదే. అయితే ఫ్రిజ్‌లోకి చేరే ముందు ఆ పెట్టెలు ఎక్కడ ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. బయట నలభై అయిదు డిగ్రీలు దాటే ఊరిది. రేకుల కప్పు కింద నెల రోజులు మగ్గిన బీరు ఎంత పేరున్నదైనా తడిసిన అట్టముక్క రుచికి దిగిపోతుంది, ఆ తరువాత ఎంత చల్లబరిచినా పోయిన రుచి తిరిగి రాదు. కాబట్టి నేను కౌంటరు దగ్గర నిలబడగానే "భావూ, తారీఖ్ దాఖవా" అని, అంటే అన్నా, తారీఖు చూపించు అని, మరాఠీలో అంటాను. దుకాణదారు మొదట విసుక్కునేవాడు, ఇప్పుడు తానే సీసాను తిప్పి, చెమ్మను బొటనవేలితో తుడిచి, చుక్కలు చుక్కలుగా ముద్రించిన తయారీ తేదీని చూపిస్తున్నాడు. రెండు నెలలు దాటితే నేను తీసుకోను. పాత సరుకును ముందు వరుసలో పెట్టడం వ్యాపార ధర్మమే గనుక, నేను చేయి చాచి వెనక వరుసలోది అడుగుతాను.

ఇక పేర్ల సంగతి. కింగ్‌ఫిషర్ ప్రీమియంను తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో నాకు పడదు. 4.8 శాతం ఆల్కహాలుతో, గోధుమరంగు సీసాలో, ఏ షాపీకి వెళ్ళినా దొరుకుతుంది. అన్నిటికన్నా వేగంగా అమ్ముడుపోతుంది కనుక అన్నిటికన్నా తాజాగా ఉండేదీ అదే. మూలన దుమ్ము పట్టిన ఖరీదైన విదేశీ సీసా కన్నా, పదిరోజుల కిందట లారీ దిగిన ఈ బీరు నూరు రెట్లు మేలని గట్టిగా నమ్ముతాను. మహారాష్ట్రలో పాతకాలం నుంచీ నడుస్తున్న లండన్ పిల్స్నర్ కూడా అదే కోవలోది. బడ్వైజర్‌లో బార్లీతోపాటు బియ్యం కూడా వాడతారు, అందుకే అది తేలికగా, ఎండాకాలపు మధ్యాహ్నానికి తగినట్టుగా ఉంటుంది.

మార్పు కావాలనుకుంటే చంద్రపూర్‌లోని పెద్ద దుకాణాల్లో హోగార్డెన్ అడిగి చూద్దాం. అది గోధుమలతో, ధనియాలతో, నారింజ తొక్కతో చేసే బెల్జియం బీరు. హోగార్డెన్ అన్నది అక్కడి ఒక ఊరి పేరే. ఆ పద్ధతి ఆ ఊళ్ళో పూర్తిగా అంతరించిపోతే, పాలు అమ్ముకునే పియెర్ సెలిస్ అనే ఆయన 1960లలో మళ్ళీ బతికించాడు. మన వంటింటి ధనియాలు అంత దూరాన బీరులో పడ్డాయంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. దాన్ని ముప్పాతిక వంతు పోశాక సీసాను మెల్లగా తిప్పి, అడుగున ఉన్న మడ్డితో సహా మిగిలినది పోయాలి.

స్ట్రాంగ్ గురించి ఎక్కువ రాయను. మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం 5 శాతం దాటి 8 శాతం దాకా ఉన్నదే స్ట్రాంగ్. రెండో గ్లాసుకే నాలుక మొద్దుబారి మన కబుర్లు పాడవుతాయి గనుక అది నాకు వద్దు.

గ్లాసుల విషయంలో మాత్రం మీ వదినను ఇప్పటికే బతిమాలుకున్నాను. సబ్బు జిడ్డు ఏమాత్రం మిగిలినా నురగ నిలవదు, నురగ లేకపోతే వాసన తెలియదు. ఐసు ముక్కలు వేయమని నువ్వు అడగకూడదు. గడ్డకట్టేంత చల్లగా ఉంటే రుచి నోటికి అందదు, ఫ్రిజ్‌లోంచి తీసి అయిదు నిమిషాలు ఆగితే సరిగ్గా ఉంటుంది.

ఒక సంగతి గుర్తుంచుకో. మూడో రోజు మనం సిరొంచలో మా మేనత్త ఇంటికి వెళ్తున్నాం. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి నిషేధం ఉంది కనుక ఒక్క సీసా కూడా బండిలో ఉండకూడదు. ఆ రోజు ఆమె చేసే చల్ల తాగుదాం. నువ్వు వచ్చే ముందు రోజు సాయంత్రం వెళ్ళి, తారీఖు చూసి, ఆరు సీసాలు తెచ్చి ఫ్రిజ్‌లో నిలువుగా నిలబెడతాను. చెల్లెమ్మ చేతి సకినాలు ఒక డబ్బా నిండా తీసుకురా, ఈ ఊళ్ళో అవి ఏ దుకాణంలోనూ దొరకవు.

నీ మిత్రుడు.