శనివారం మధ్యాహ్నాలకు కృతజ్ఞతలు

నిన్న సప్లిమెంటరీ రిజల్ట్స్ వచ్చాయి. జనవరిలో పోయిన రెండు పేపర్లలో ప్రాబబిలిటీ పాసయ్యాను, మెజర్ థియరీ మళ్లీ పోయింది. సగం పాసైనవాడు థ్యాంక్స్ పోస్టు పెట్టడం ఏంట్రా అని మా రూమ్మేట్ నవ్వుతున్నాడు. మార్కుల కోసమైతే రాసేవాణ్ని కాదు. ఆ రిజల్టు చూశాక కూడా రాత్రి మెస్‌కి వెళ్లాను, పప్పులో ఉప్పు లేదని గొణిగాను, వచ్చి పడుకుంటే నిద్ర పట్టింది. ఆర్నెల్ల కిందట ఇదే పరిస్థితిలో నాలుగు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఆ రోజులకీ నిన్నటికీ మధ్య నాకు సాయం చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. మన మీద మనం దయగా ఉండటం నేర్పిన ఒక శనివారం గ్రూపు కూడా అందులో ఉంది. కొందరి పేర్లు నాకు తెలియవు. తెలిసినవాళ్లేమో రాయొద్దన్నారు. అందుకని పేర్లు లేకుండానే చెప్తాను.

మొదటి థ్యాంక్స్ ఆ నవ్వుతున్నవాడికే. వాడిది కరీంనగర్ వైపు, నాది జమ్మలమడుగు దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో చేరిన దగ్గర్నుంచీ ఒకే గది. జనవరిలో నేను మధ్యాహ్నం పన్నెండు దాకా లేవకుండా, ఇంటికి జ్వరమని అబద్ధం చెప్పి పడి ఉన్నప్పుడు, "నాలుగు దినాల సంది మెస్‌కి వస్తలేవు, ఏమైందిరా?" అని ఒక్కసారే అడిగాడు. నేను మాట్లాడకపోతే మళ్లీ అడగలేదు. టిఫిన్ డబ్బాలో అన్నం తెచ్చి టేబుల్ మీద పెట్టేవాడు. ఓ రోజు ఆ డబ్బా కింద ఒక చీటీ ఉంది. దాని మీద 14416 అని ఒక నంబర్, ఇంకేమీ లేదు.

అది టెలీ మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఒక రాత్రి రెండు గంటలకి చేశాను. ఎత్తిన అమ్మాయి గొంతు బాగా అలసిపోయి ఉంది, అయినా తొందరపెట్టలేదు. నీతులు చెబుతుందేమో, పెట్టేద్దాం అనుకుంటూ ఉన్నాను. ఆమె తిన్నావా అని అడిగింది. గదిలో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. ఉన్నాడంటే "అయితే లేపండి, నేను లైన్లోనే ఉంటాను" అంది. లేపాను. వాడు కళ్లు నులుముకుంటూ లేచి నా పక్కన కూర్చున్నాడు. పొద్దున్నే యూనివర్సిటీ కౌన్సెలర్ని కలుస్తానని ఆమె మా ఇద్దరి చేతా చెప్పించింది. అమ్మా, మీరెవరో నాకు తెలియదు. కలిశాను.

నాకేమైందో కొంచెం చెప్పాలి. ఇంటర్ ఒక కార్పొరేట్ కాలేజీలో చదివాను. వారం వారం పరీక్ష, మర్నాడు గోడ మీద ర్యాంకుల లిస్టు, ర్యాంకు తగ్గితే సెక్షన్ మార్చేసేవాళ్లు. ఆ కాలేజీ వదిలి ఐదేళ్లయినా, అక్కడి సార్ల తిట్లు నా తలలో హాస్టల్ తీసుకుని ఉండిపోయాయి. 'నీ మొహానికి ఎమ్మెస్సీ ఒకటి తక్కువైంది', 'మీ నాయన శనగలు అమ్మి కట్టిన ఫీజురా అది'. రెండో మాట ఏ సారూ అనలేదు, నేనే తయారుచేసుకున్నాను. రెండు పేపర్లు పోయిన రోజు నుంచి ఇవి ఆగకుండా మోగుతూనే ఉన్నాయి.

కౌన్సెలర్ మేడమ్ ముందు, డిప్రెషన్ ఉందేమో చూసే పీహెచ్‌క్యూ-9 అనే కాగితం ఇచ్చారు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇలా అనిపించింది అని తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. నాకు 12 వచ్చింది. స్టాటిస్టిక్స్ వాణ్ని కదా, 12 అంటే ఏంటి మేడమ్, కటాఫ్ ఎంత అని అడిగాను. ఆమెకి నవ్వొచ్చింది. 10 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకా వివరంగా చూడాలట. ఇది జల్లెడ మాత్రమే, జబ్బు పేరు దీంతో తేల్చరు అన్నారు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనిపించిందా అని. అక్కడ 'కొన్ని రోజులు' అని టిక్ పెట్టాను. ఆమె కాగితం పక్కన పెట్టి, ఎలా చేసుకోవాలని ఏమైనా అనుకున్నావా అని సూటిగా అడిగారు. లేదు మేడమ్, పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది, అంతే అన్నాను. "అంతే అని తీసెయ్యడానికి లేదు" అని అదే రోజు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు. ఆ మాట ఒకరు అంత మామూలుగా అడిగారు, నేను అంత మామూలుగా జవాబు చెప్పాను. బయటికి వచ్చాక చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

డాక్టర్ గారు మందులు ఇప్పుడే వద్దు, నెలకి మళ్లీ రా అన్నారు. మా గ్రూపులోనే ఇద్దరు మాత్రలు వాడుతూ వచ్చేవాళ్లు. అదీ అవసరమే, ఎవరికి ఏది కావాలో డాక్టరే చెప్పాలి. నన్ను మాత్రం శనివారం గ్రూపులో వేశారు. డిప్రెషన్ ఇంకా పూర్తిగా పట్టుకోకపోయినా దాని అంచు మీద ఉన్న విద్యార్థుల కోసం ఎనిమిది శనివారాలు, మధ్యాహ్నం రెండున్నరకి, లైబ్రరీ వెనక పాత సెమినార్ గదిలో. మొత్తం పదకొండు మందిమి.

దాని పేరు సెల్ఫ్ కంపాషన్. తెలుగులో ఏమనాలి అని మొదటి రోజే చర్చ. ఒకమ్మాయి స్వీయ కరుణ అంది, ప్రవచనంలా ఉందని అందరం నవ్వాం. నేను జాలి అన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. మన మీద మనం జాలిపడితే అందులో 'పాపం, నాకొక్కడికే ఇలా' అన్నది ఉంటుంది, ఇక్కడ మనం నేర్చుకునేది సరిగ్గా దానికి ఎదురు అన్నారు. ఈ ఆలోచనని టెక్సాస్ యూనివర్సిటీలో క్రిస్టిన్ నెఫ్ అనే ఆవిడ 2003లో మూడు భాగాలుగా పెట్టారట: మనతో మనం దయగా ఉండటం, ఇలాంటి కష్టం మనుషులందరికీ వచ్చేదే అని గుర్తుంచుకోవడం, బాధని దాచకుండా, పెంచకుండా ఉన్నదున్నట్టు చూడటం. కొలవడానికి 26 ప్రశ్నల స్కేలు కూడా ఉంది. అందులో తిట్టుకోవడం, ఒంటరిననుకోవడం లాంటివి అడిగే 13 ప్రశ్నలకి మార్కులు తిరగేసి వెయ్యాలి. ఆ వారం నాకు బాగా నచ్చింది ఆ సంగతే.

ఆ తర్వాత ఇంగ్లండ్‌కి చెందిన పాల్ గిల్బర్ట్ అనే సైకాలజిస్ట్ పద్ధతిలోంచి, మన మనసు నడిచే మూడు తీరులకి మూడు వృత్తాలు గీయించారు. ప్రమాదం అని అరిచేది ఎరుపు, సాధించు అని తరిమేది నీలం, నెమ్మదిగా ఉండనిచ్చేది ఆకుపచ్చ. ఏది ఎంత ఉందో అంత సైజులో గీయమన్నారు. నా ఎరుపు చపాతీ అంత, ఆకుపచ్చ బొట్టుబిళ్ల అంత వచ్చింది. పక్కవాళ్ల కాగితాల్లోకి తొంగి చూస్తే అందరివీ దాదాపు అంతే. 'అందరికీ వచ్చేదే' అన్న మాట నాకు అక్కడ అర్థమైంది.

రెండో వారం గొడవ పెట్టుకున్నాను. నన్ను నేను తిట్టుకోకపోతే చదవను మేడమ్, ఇదంతా సోమరితనానికి సర్టిఫికెట్ ఇచ్చినట్టుంది అన్నాను. ఆమె వాదించలేదు, ఒక రీసెర్చ్ పేపర్ పేరు చెప్పి చదువుకుని రమ్మన్నారు. జూలియానా బ్రెయిన్స్, సెరీనా చెన్ అనే ఇద్దరు 2012లో వేసింది. అందులో ఒక ప్రయోగంలో విద్యార్థులకి కష్టమైన ఇంగ్లీషు పదాల పరీక్ష పెట్టారు. సరిగా రాయలేకపోయినందుకు తమ మీద తాము దయగా ఉండమని ఒక గుంపుకి చెప్పారు. తర్వాతి పరీక్షకి ఆ గుంపువాళ్లే మిగతా వాళ్లకంటే ఎక్కువసేపు చదివారు. శాంపిల్ సైజు మీద కాసేపు సణిగాను గానీ, ఆ తర్వాత మూసుకుని కూర్చున్నాను.

మూడో వారం గురించి చెప్పడానికే అసలు ఈ పోస్టు మొదలుపెట్టాను.

ఆ రోజు ఒక ప్రింట్ కాగితం ఇచ్చారు. గుండె మీద చెయ్యి వేసుకుని మెల్లగా అనుకోవాలి: 'మే ఐ బి కైండ్ టు మైసెల్ఫ్'. నాకేమీ కాలేదు. ఫోన్‌లో కస్టమర్ కేర్ మెసేజ్ విన్నట్టుంది. అదే చెప్పేశాను: "మేడమ్, నా తిట్లన్నీ కడప తెలుగులో వస్తున్నాయి. ఓదార్పు మాత్రం ఇంగ్లీషులో ఇస్తున్నారు. రెండిటికీ మాటే కలవడం లేదు." గదిలో అందరూ నవ్వారు. మేడమ్ ఆ కాగితాలన్నీ వెనక్కి తీసేసుకున్నారు. చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే ఎవరు పక్కన కూర్చునేవాళ్లు, ఏమనేవాళ్లు అని అడిగారు.

మా జేజి. నాయన వాళ్ల అమ్మ. నుదుటి మీద తడిగుడ్డ వేసి, దాని మీద చెయ్యి పెట్టి, "ఏం కాదులే నాయనా. పండుకో. పొద్దునకి తగ్గిపోతాది" అనేది. ఎన్నిసార్లు కళ్లు తెరిస్తే అన్నిసార్లు అదే మాట. అది చెబుతూ చెబుతూ, జ్వరం తగ్గాక మాత్రం వానలో ఎందుకు ఎగిరినావురా అని రెండు పీకేది మేడమ్ అన్నాను. ఆమె అక్కడ పట్టుకున్నారు. "చూడు, మీ జేజి తప్పుని తప్పనే అంది. కానీ జ్వరంలో అనలేదు. ముందు తడిగుడ్డ, తర్వాత వాన సంగతి. నువ్వు జ్వరంలో ఉన్నప్పుడే రెండు పీక్కుంటున్నావు."

ఆ రాత్రి గుండె మీద కాకుండా నుదుటి మీద చెయ్యి పెట్టుకుని జేజి మాట జేజి యాసలోనే అనుకున్నాను. రూమ్మేట్ చూసి తలనొప్పా అన్నాడు. అవునన్నాను. నిద్రపోయాను.

ఆ రోజు గదిలో ఒక్కొక్కరూ తమ మాట చెప్పారు. ఖమ్మం అమ్మాయి మేనత్తని చెప్పింది. ఆదిలాబాద్ అబ్బాయి గోండిలో చెప్పాడు, మాకెవరికీ అర్థం కాలేదు గానీ వాడి గొంతు మారింది, అది తెలిసింది. ఒకమ్మాయి నాకలా ఎవరూ ఎప్పుడూ అనలేదు అంది. మేడమ్ ఏమీ కల్పించి చెప్పలేదు. నువ్వు ఎవరికైనా అన్నావా అని అడిగారు. తమ్ముడికి అనేదట. ఆ మాటే రాసుకుంది. అంతమంది ముందు 'నాకెవరూ అనలేదు' అని చెప్పడం నా వల్లయితే అయ్యేది కాదు. నువ్వు ఇది చదువుతుంటే నీకు కూడా థ్యాంక్స్.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిపోయిందని అనుకోకండి. నాలుగో వారం మీకు మీరే ఉత్తరం రాసుకోండి అన్నారు. మూడు లైన్లు రాశాక ఇంటర్ రోజులన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ముఖ్యంగా ఒక సారు ర్యాంకు లిస్టు ముందు నా చెవి పట్టుకుని నిలబెట్టిన రోజు. ఏడుపు కాదు, కోపం వచ్చింది. పెన్ను పడేసి బయటికి వచ్చేశాను, ఐదో వారం వెళ్లలేదు. మేడమ్‌తో పాటు గ్రూపు నడిపే రీసెర్చ్ స్కాలర్ అన్న మెసేజ్ పెట్టాడు: "గ్రూపుకి రావాలని లేకపోతే రావద్దులే. టీకి రా." వెళ్లాను. నెఫ్‌తో కలిసి ఎనిమిది వారాల కోర్సు తయారుచేసిన క్రిస్టఫర్ జెర్మర్ దీన్ని బ్యాక్‌డ్రాఫ్ట్ అంటాడని ఆయనే చెప్పాడు. ఫైర్ ఇంజన్ వాళ్ల మాట. మూసి ఉన్న గదిలో మంట రగులుతుంటే, తలుపు ఒక్కసారిగా తీస్తే గాలి తగిలి భగ్గుమంటుంది. ఎన్నడూ దయ తగలని చోట అది తగిలితే కూడా అలాగే అవుతుందట. అప్పుడు ఇంకా లోపలికి దూరకూడదు, తలుపు కొంచెం దగ్గరికి వేసి, కాళ్లు నేల మీద ఆనించి అరికాళ్లని గమనిస్తూ కూర్చోవడం చాలు అన్నాడు. రెండు టీలు తాగాం, ఆయనే డబ్బులిచ్చాడు. ఆరో వారం వెళ్లాను.

ఎనిమిదో వారం పీహెచ్‌క్యూ మళ్లీ నింపితే 6 వచ్చింది. ఒక మనిషి రెండు రీడింగులతో ఏమీ తేల్చకూడదని నాకు తెలుసు. తొమ్మిదో ప్రశ్నకి సున్నా పెట్టాను, అది తెలుసు.

దయతో మెజర్ థియరీ రాదు. మార్చి నుంచి రోజూ సాయంత్రం మెట్ల మీద కూర్చోబెట్టి ప్రాబబిలిటీ చెప్పిన సీనియర్ అక్కకి ఆ పాసైన పేపరు అంకితం. గది ఫీజు రెండు నెలలు ఆలస్యమైనా ఇంటికి ఫోన్ చెయ్యని వార్డెన్ గారికి, ఆలస్యంగా వచ్చినా చారు వేడిచేసి పోసిన మెస్ అక్కకి థ్యాంక్స్. సెమినార్ గదిలో ఆ ఫ్యాను గురించి కూడా ఎవరైనా పట్టించుకోండి. కళ్లు మూసుకోమన్న ప్రతిసారీ అది టకటకా కొట్టుకునేది.

ఒక కోపం మాత్రం మిగిలి ఉంది. నేను ఇంటర్ చదివిన చోట వేల మందిమి, ఒక్క కౌన్సెలర్ లేరు. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌ గానీ, సైకాలజిస్ట్ గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలని చెప్పింది. మీ తమ్ముళ్లని, చెల్లెళ్లని చేర్పించేటప్పుడు ఫీజు రాయితీతో పాటు ఇది కూడా అడగండి.

ఇంట్లో నిన్న రాత్రే చెప్పాను. నాయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఈసారి శనగ కూడా సగమే చేతికొచ్చిందిలే అన్నాడు. అమ్మ తిన్నావా అంది. జేజికి ఈ పోస్టు చదివి వినిపిస్తానని చెల్లెలు మాటిచ్చింది. ఆమెకి చెవులు సరిగా వినపడవు, గట్టిగా చదవమన్నాను. ఫెయిలైన దగ్గర మాత్రం మామూలుగా చదివెయ్యమన్నాను.