టామీ జాన్ అంటే ఆపరేషన్ ఒక్కటే కాదు

సంపాదకుడు గారికి, నమస్కారం.

అమెరికాలో ఉంటున్న మన కుటుంబాల్లో బేస్‌బాల్ ఆడే పిల్లలున్నారు. ఆ ఇళ్లలో ‘టామీ జాన్’ అంటే మోచేతి ఆపరేషన్. అది చేయించుకుంటే చెయ్యి మునుపటికంటే గట్టిపడుతుందనీ, బంతి వేగం పెరుగుతుందనీ నమ్మే తల్లిదండ్రులూ కోచ్‌లూ ఉన్నారని అక్కడి సర్వేల్లో తేలింది. ఆ ఆపరేషన్ మొట్టమొదట చేయించుకుని దానికి తన పేరు తెచ్చిన మనిషి ఎలా ఆడాడో తెలిస్తే ఈ నమ్మకం నిలవదు. అందుకే ఈ ఉత్తరం.

టామీ జాన్ 1943లో ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హోట్‌లో పుట్టారు. ఎడమచేతి పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు. 1963లో క్లీవ్‌లాండ్ తరఫున మొదలుపెట్టి, 1989లో న్యూయార్క్ యాంకీస్ తరఫున 46వ ఏట ఆట ముగించారు. మొత్తం 26 సీజన్లు, పిచర్‌గా ఆయన ఖాతాలో పడ్డ విజయాలు 288. 1974 జూలై 17న లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కు ఆడుతూ మాంట్రియల్ జట్టు మీద బంతి వేస్తుండగా మోచేతి లోపలివైపు లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) తెగింది. అప్పటికి ఆ సీజన్‌లో 13 గెలిచి 3 ఓడారు. అంతకుముందు ఆ లిగమెంట్ తెగితే పిచర్ పని అయిపోయినట్టే.

సెప్టెంబర్ 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్, కుడి ముంజేతిలోని టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తీసి ఎడమ మోచేతిలో అమర్చారు. అదెక్కడుంటుందో చూడాలంటే బొటనవేలినీ చిటికెనవేలినీ కలిపి మణికట్టును కొంచెం లోపలికి వంచండి. మధ్యలో సన్నటి తాడులా పైకి లేచేదే అది. కొందరికి పుట్టుకతోనే ఉండదు. వాళ్లకు తొడ నుంచి తీస్తారు. మోచేతి దగ్గర కలిసే ఎముకల్లో రెండింటికి రంధ్రాలు చేసి, టెండన్‌ను వాటిలోంచి దూర్చి బిగిస్తారు. తిరిగి ఆడే అవకాశం నూటికి ఒక్కటేనని జోబ్ ముందే చెప్పారు. పైగా నరం దెబ్బతిని వేళ్లు సరిగా కదలకపోవడంతో డిసెంబర్‌లో రెండో ఆపరేషన్ చేయాల్సివచ్చింది.

1975 మొత్తం ఆట లేదు. 1976లో 10 గెలిచి 10 ఓడారు. 1977లో 20, 1979లో 21, 1980లో 22 విజయాలు. ఆపరేషన్‌కు ముందు 124, తర్వాత 164. ఈ చివరి రెండు అంకెలే అందరి నోటా వినిపిస్తాయి. కానీ ఆయన వేగాన్ని నమ్ముకున్న పిచర్ కాదు. ఆయన ఆయుధం సింకర్: బ్యాటర్ దగ్గరికి వచ్చేసరికి కిందికి జారి, నేల మీద దొర్లే షాట్లు కొట్టించే బంతి. ఆపరేషన్ నాటికి వయసు 31, ఎముకలు పూర్తిగా ఎదిగి ఉన్నాయి. ఆ పైన ఏడాదికి మించి ఓపిక పట్టారు. 14 ఏళ్ల పిల్లవాడికి వీటిలో ఒక్కటీ వర్తించదు.

ఆపరేషన్ లిగమెంట్‌ను బాగుచేస్తుందే తప్ప చేతికి కొత్త బలం ఇవ్వదు. తర్వాత వేగం పెరిగిందని ఎవరైనా అంటే, అది నెలల తరబడి చేసిన వ్యాయామం వల్లా, ఒళ్లు ఎదగడం వల్లా వచ్చింది. మామూలుగా నాలుగైదు నెలలకు 45 అడుగుల దూరానికి మెల్లగా విసరడంతో మొదలుపెట్టి 60, 90, 120 అడుగులకు పెంచుకుంటూ పోతారు. మళ్లీ మ్యాచ్‌లో పిచింగ్ చేయడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. అసలే తిరిగి రానివాళ్లూ ఉన్నారు. అమెరికాలో 2007–2011 మధ్య ఈ ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లలో సగానికి పైగా 15–19 ఏళ్ల వాళ్లేనని ఒక అధ్యయనం చెప్పింది. తన పేరు పిల్లల ఆపరేషన్లకు అంటుకున్నందుకు టామీ జాన్ బహిరంగంగానే బాధపడ్డారు.

అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ నడిపే మేజర్ లీగ్, జాతీయ బేస్‌బాల్ సంఘమైన యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో ‘పిచ్ స్మార్ట్’ అని లెక్కలు ఇచ్చాయి. రోజుకు 9–10 ఏళ్లకు 75 పిచ్‌లు (బ్యాటర్‌కు విసిరే బంతులు), 11–12 ఏళ్లకు 85, 13–16 ఏళ్లకు 95 మించకూడదు. 14 ఏళ్లు, అంతకు లోపు వయసువాళ్లు 66 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు, 51–65 వేస్తే మూడు రోజులు విశ్రాంతి. ఏడాదిలో నాలుగు నెలలు బంతి విసరడమే మానాలి, అందులో రెండు మూడు నెలలు వరసగా. పిచింగ్ చేసిన పిల్లవాణ్ణి అదే మ్యాచ్‌లో క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా) నిలబెట్టకూడదు. అక్కడా విసరడం తప్పదు కదా.

లెక్క తప్పేది ఎక్కడంటే, శుక్రవారం స్కూల్ జట్టుకు 60, ఆదివారం క్లబ్ జట్టుకు 50. ఏ కోచ్‌కు ఆ కోచ్ హద్దులోనే ఉన్నాననుకుంటాడు. చేతికి మాత్రం మూడు రోజుల్లో 110 పడ్డాయి. అందుకే లెక్క ఇంట్లో ఉండాలి: తేదీ, జట్టు, పిచ్‌లు, నొప్పి ఉందా లేదా, అన్నీ ఒకే నోటుబుక్కులో. మోచేతి లోపలివైపు నొప్పి, ఉన్నట్టుండి వేగం తగ్గడం, బంతి చెప్పిన చోట పడకపోవడం కనిపిస్తే ఆ రోజే ఆపి డాక్టరుకు చూపించాలి. అలసిన చేత్తో వేయించడమే అన్నిటికన్నా ప్రమాదం.

288 విజయాలున్నా టామీ జాన్‌కు బేస్‌బాల్ దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కలేదు. 75 శాతం ఓట్లు కావాలి. 2009లో చివరిసారి బేస్‌బాల్ విలేకరుల ఓటింగ్‌లో 31.7 శాతం వచ్చాయి. నా దృష్టిలో ఇది అన్యాయమే.

మీ ప్రవాస పేజీలో ఈ పిచ్‌ల పట్టికను తెలుగులో, కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకునే సైజులో, సీజన్ మొదలయ్యే మార్చిలోపు ఒక్కసారి వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, న్యూజెర్సీ